పది నంబర్ పానాతో మొదలుపెట్టండి: కారు పనికి నిలిచే చేతి పనిముట్ల సమీక్ష

పానా ఎన్నేళ్లు నిలుస్తుందో షాపులో పట్టుకోవాలంటే దాని మెరుపు, బరువు, పెట్టె మీద రాసిన పీసుల లెక్క ఏవీ పనికిరావు. జేబులో ఒక కొత్త ఎం6 బోల్టు (6 మి.మీ. మర ఉన్నది), చేతిలో సన్నటి కొలతలు తీసే వెర్నియర్ క్యాలిపర్ ఒకటి ఉంటే చాలు. ఆ బోల్టు తలని పది నంబర్ అంటాం గానీ, సరిగ్గా చేసిన బోల్టు తల 9.78 మి.మీ. నుంచి 10.00 మి.మీ. లోపు ఉంటుంది. దాని మీద కూర్చునే పానా నోరు పదికి వెంట్రుకవాసి ఎక్కువ ఉండాలి. వెర్నియర్ 10.2 దాటి చూపిస్తే ఆ పానా అక్కడే పెట్టేసి రండి, ఎంత చవకైనా సరే.

ఆ కాస్త తేడాకే ఇంత పట్టింపు ఎందుకంటే, నోరు వదులుగా ఉంటే పానా ముందు కొద్దిగా తిరిగి, ఆ తర్వాతే బోల్టును తాకుతుంది. అప్పుడు అది తాకేది బోల్టు చదును ముఖాన్ని కాదు, మూలని. బలమంతా ఆ సన్నటి మూల మీద పడి ఇనుము నలుగుతుంది. రెండోసారి పెట్టినప్పుడు ఇంకాస్త జారుతుంది. మూడోసారికి నట్టు గుండ్రంగా తయారవుతుంది. అందరూ నట్టు తుప్పు పట్టిందని అంటారు. చాలాసార్లు తప్పు పానాది.

వెర్నియర్ లేకపోతే బోల్టును పానాలో పెట్టి అటూ ఇటూ ఆడించండి. మంచి పానాలో కదలిక ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. నాసి పానాలో టకటకమని కొట్టుకుంటుంది. ఇలా ఒక్క సైజే చూసి ఊరుకోకండి. పది బాగుండి పద్నాలుగు వదులుగా ఉన్న సెట్లు బోలెడు.

46 పీసుల పెట్టె

ఆన్‌లైన్‌లో కారు టూల్స్ అని వెతికితే ముందుగా కనిపించేది ఇదే. 1/4 ఇంచి డ్రైవ్ (గోటీ తగిలించే చదరపు మొన కొలత), 4 నుంచి 14 మి.మీ. వరకు 13 గోటీలు, అంటే సాకెట్లు, ఒక రాచెట్ (ఒకవైపే పట్టి తిప్పే పిడి), స్క్రూ డ్రైవర్ హ్యాండిల్, మిగతావన్నీ బిట్లు. బిట్లను కూడా పీసుల్లో లెక్కేస్తారు కాబట్టి 46 అవుతుంది. ఇంట్లో కుర్చీలకి, సైకిల్‌కి, కారు లోపల డ్యాష్‌బోర్డు స్క్రూలకి, ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి ఇది బాగానే పనికొస్తుంది. కారు అడుగుభాగానికి మాత్రం పనికిరాదు. 12, 14 గోటీలు ఇచ్చారు కదా అని సస్పెన్షన్ బోల్టు మీద పెడితే ముందు రాచెట్ లోపలి పళ్లు జారతాయి, లేదా చదరపు మొన మెలిపడుతుంది. 17, 19, 21 అసలు ఇందులో ఉండవు.

గోటీ సెట్టు అనే ఆలోచనే తక్కువ ముక్కలతో ఎక్కువ పని తీయడానికి పుట్టింది. 1920లో అమెరికాలోని మిల్వాకీలో స్నాప్-ఆన్ మొదలైనప్పుడు అమ్మింది ఐదు హ్యాండిళ్లు, వాటికి తగిలించే పది గోటీలు. ఐదే యాభై పని చేస్తాయన్నది వాళ్ల నినాదం. నూరేళ్లు గడిచాక మార్కెట్ తిరగబడి, యాభై ముక్కలిచ్చి ఐదు పని చేసే పెట్టెలు అమ్ముతోంది.

ఏ సైజులు కొనాలి

మారుతి, హ్యుందాయ్, టొయోటా, హోండా కార్లలో ఎక్కువ పని 10, 12, 14, 17, 19తో అయిపోతుంది. టాటా, మహీంద్రాల్లో 13 కూడా గట్టిగా వాడతారు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా అయితే 13, 16, 18 తోడవుతాయి. వాటికి నక్షత్రం ఆకారపు టోర్క్స్ బిట్లు టీ20, టీ25, టీ30 లేకుండా పని కదలదు. ఈ కంపెనీల డ్రైవ్ షాఫ్ట్ బోల్టుల్లో 12 మొనల స్ప్లైన్ గుంట ఉంటుంది. చూడ్డానికి టోర్క్స్‌లానే కనిపిస్తుంది, కాదు. అందులో టోర్క్స్ బిట్ కుక్కి తిప్పితే లోపలి మొనలు అరిగిపోయి, ఆ బోల్టుని వెల్డింగ్ పెట్టి తీయాల్సి వస్తుంది.

మన షాపుల్లో దొరికే ఎనిమిది పానాల సెట్టు జతలు ఇవి: 6-7, 8-9, 10-11, 12-13, 14-15, 16-17, 18-19, 20-22. టపారియా సెట్టు తీసుకున్నా వరస ఇదే. నాణ్యత విషయంలో ఈ ధరకి దీన్ని మించింది లేదు. నోరు కొలత సరిగ్గా ఉంటుంది, పోత కాదు ఫోర్జింగ్ (కాల్చిన ఉక్కుని కొట్టి చేసింది), ఊళ్లో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా విడి పీసు దొరుకుతుంది. నాసిక్ కంపెనీ, 1969లో స్వీడన్ సాంకేతిక సహకారంతో మొదలుపెట్టింది. అయితే కారు పనికి ఈ జతల అమరిక అంత సుఖంగా ఉండదు. 9, 11, 15, 18, 20 చాలా కార్లలో ఊరికే పడి ఉంటాయి. కావాల్సిన 10, 12, 14, 17 మాత్రం ఒక్కోటే ఉంటాయి. ఒకవైపు బోల్టు తల పట్టుకుని రెండోవైపు నట్టు తిప్పాలంటే రెండు పద్నాలుగులు కావాలి కదా. కాబట్టి ఒకవైపు ఖాళీ నోరున్న ఫిక్స్ పానాలు ఒక సెట్టు, బోల్టు తలని చుట్టూ పట్టే రింగు పానాలు ఒక సెట్టు తీసుకోండి. అప్పుడు ప్రతి సైజూ రెండు అవుతుంది. లేదా కాంబినేషన్ పానాలు, అంటే ఒక చివర ఫిక్స్, ఇంకో చివర అదే నంబర్ రింగు ఉన్నవి, 8 నుంచి 19 వరకు తీసుకుని, 10, 12, 14, 17 మాత్రం రెండేసి కొనండి. నా ఓటు రెండోదానికే.

విప్పేటప్పుడు మొదటి దెబ్బ ఎప్పుడూ రింగుతోనో గోటీతోనో పడాలి. బోల్టు సడలాక ఫిక్స్ పానా పెట్టుకోవచ్చు. ఫిక్స్ పానా రెండు ముఖాల్నే పట్టుకుంటుంది, బలం ఎక్కువైతే నోరు తెరుచుకుంటుంది. ఒకసారి నోరు తెరిచిన పానా మళ్లీ దగ్గరకి రాదు. దాన్ని రాయి మీద పెట్టి సుత్తితో కొట్టి దగ్గర చేసే షెడ్లు ఉన్నాయి, అలా చేసిన పానా పగుళ్లిచ్చి చేతిలోనే విరుగుతుంది.

రింగులో ఆరు మూలలదా పన్నెండు మూలలదా అన్న ప్రశ్న ఒకటుంది. పన్నెండు మూలల రింగు ఇరుకులో 30 డిగ్రీలకే మళ్లీ తగులుతుంది, అది సౌకర్యం. తుప్పు పట్టిన బోల్టు మీద ఆరు మూలలదే నమ్మదగ్గది. అందుకే పానాలు పన్నెండు మూలలవి ఉన్నా పర్వాలేదు, గోటీలు మాత్రం ఆరు మూలలవే కొనండి. గోటీ లోపల మూలల దగ్గర చిన్న గుండ్రటి గాడి ఉందా చూడండి. ఆ గాడి వల్ల బలం బోల్టు మూల మీద కాక, మూలకి కాస్త లోపలగా చదును ముఖం మీద పడుతుంది. ఒకప్పుడు ఖరీదైన కంపెనీలకే ఉన్న పద్ధతి ఇది. ఇప్పుడు మధ్యతరగతి ధరల్లోనూ వస్తోంది.

రింగు గోడ మందంగా ఉంటే బలమనుకోవడం పొరపాటు. మంచి ఉక్కు సన్నగా ఉన్నా ఓర్చుకుంటుంది. నాసి ఉక్కుని మందంగా చేస్తే తప్ప నిలవదు, అప్పుడది బోల్టు పక్కన గోడకి, పైపుకి మధ్య దూరదు. రెండు కంపెనీల 12 నంబర్ రింగుల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా కంటికి తెలిసిపోతుంది.

డ్రైవ్ సైజు దగ్గర జరిగే పొరపాటు

చాలామంది బలంగా ఉంటుందని 1/2 ఇంచి గోటీ సెట్టు ఒక్కటే కొంటారు. ఇంజిన్ మీద విరిగిన బోల్టుల్లో చాలావాటికి కారణం ఇదే. ఎం6 బోల్టుకి, అంటే పది నంబర్ తలకి, కావాల్సిన బిగుతు సుమారు 10 న్యూటన్ మీటర్లు. 25 సెం.మీ. పొడవున్న 1/2 ఇంచి రాచెట్ చివర నాలుగు కిలోల బలం పెడితే అంత బిగుతు వచ్చేస్తుంది. అది చెయ్యి ఆనించినంత బరువే. ఇంకాస్త నొక్కితే బోల్టు తల ఊడి చేతికొస్తుంది, మర ముక్క అల్యూమినియం లోపల ఉండిపోతుంది. దాన్ని డ్రిల్ చేసి తీయడానికి అయ్యే ఖర్చుతో ఒక మంచి 3/8 సెట్టు వచ్చేది.

కారుకి అసలు సైజు 3/8. స్పార్క్ ప్లగ్ నుంచి బ్రేక్ క్యాలిపర్ వరకు ఇదే పని చేస్తుంది. మన మార్కెట్‌లో 1/2, 1/4 దొరికినంత సులభంగా 3/8 దొరకదు, షాపువాడు కూడా 1/2నే అంటగడతాడు. అడిగి తెప్పించుకోండి. 8 నుంచి 19 వరకు గోటీలు, 10, 12, 14లో పొడుగువి కూడా, 3, 6, 10 ఇంచుల ఎక్స్‌టెన్షన్లు తీసుకోండి. వంగే కీలున్న యూనివర్సల్ జాయింట్ ఒకటి ఉంచుకోండి గానీ దాన్ని బిగుతు పనికి వాడొద్దు. వంపులో బలం పెడితే పిన్ను విరుగుతుంది. 1/2 డ్రైవ్‌లో సెట్టు మొత్తం అక్కర్లేదు, 17, 19, 21 గోటీలు, ఒక పొడుగు కడ్డీ చాలు.

రాచెట్ కొనేటప్పుడు పళ్ల లెక్క అడగండి. 24 పళ్లదైతే ఒక్కో కదలికకి 15 డిగ్రీలు కావాలి, 72 పళ్లదానికి 5 డిగ్రీలు చాలు. ఇరుకు చోట ఆ పది డిగ్రీలే పని అవుతుందా లేదా తేలుస్తాయి. ఇంకో పరీక్ష ఉంది: ఒక నట్టుని వేళ్లతో వదులుగా ఎక్కించి రాచెట్ పెట్టి వెనక్కి తిప్పండి. నట్టు కూడా వెనక్కి వస్తుంటే లోపలి స్ప్రింగు మరీ బిగుతుగా ఉందన్నమాట, సగం ఎక్కిన నట్టు దగ్గర విసుగెత్తిస్తుంది. తలని స్క్రూలతో విప్పి శుభ్రం చేసుకునే వీలున్నదే తీసుకోండి. లోపల బేరింగ్ గ్రీజు కుక్కొద్దు. అది గట్టిపడితే పాల్, అంటే పళ్లని పట్టి ఆపే చిన్న కొక్కెం, పళ్లలో పూర్తిగా కూర్చోదు. బలం పెట్టినప్పుడు ఒక్కసారిగా జారి, వేళ్ల కణుపులు రేడియేటర్ బ్రాకెట్‌కి తగులుతాయి. రెండు చుక్కల పల్చటి నూనె సరిపోతుంది.

బిగిసిపోయిన నట్టు విప్పడానికి రాచెట్‌కి పైపు తొడగొద్దు. దానికి కదిలే భాగాలు లేని 45 లేదా 60 సెం.మీ. బ్రేకర్ బార్ ఉంది. 60 కిలోల మనిషి 45 సెం.మీ. కడ్డీ చివర బరువు వేస్తే 260 న్యూటన్ మీటర్లు దాటుతుంది, మొండి చక్రం నట్టు కూడా చాలావరకు కదులుతుంది. హ్యుందాయ్ చక్రాలకి ఎక్కువగా 21, ఫోక్స్‌వ్యాగన్ బోల్టులకి 17 పడుతుంది. గోటీ మీద క్రోమ్ వెనేడియం అని ఉంటే చేతి పనికే. గాలితోనో కరెంటుతోనో దెబ్బలు కొడుతూ తిప్పే ఇంపాక్ట్ గన్‌కి క్రోమ్ మాలిబ్డినం నల్ల గోటీలు వేరే ఉంటాయి. మెరిసే గోటీని గన్‌కి తగిలిస్తే పగిలి ముక్కలు ఎగరొచ్చు.

బ్రేక్ పైపు నట్టు

ఈ ఒక్క పనికి ప్రత్యేకంగా పానా కొనాలి. క్యాలిపర్ హోసు దగ్గరా వీల్ సిలిండర్ దగ్గరా ఉండే పైపు నట్టు చాలా కార్లలో పది నంబరే. నట్టు మెత్తగా ఉంటుంది, మధ్యలోంచి పైపు వెళ్తుంది కాబట్టి రింగు ఎక్కదు. మామూలు ఫిక్స్ పానా పెడితే రెండు ముఖాలే దొరికి నట్టు గుండ్రంగా అవుతుంది. ఫ్లేర్ నట్ పానాకి రింగులో పైపు దూరేంత సందు ఉంటుంది, మిగతా ముఖాలన్నిటినీ పట్టుకుంటుంది. 10-11 ఒకటి ఉంటే చాలు.

ముందు వైరు బ్రష్షుతో మర దగ్గర మట్టి దులపండి. తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి పావుగంట ఆగండి. పానా అడుగు దాకా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడండి. ముందు ఒక పిసరు బిగించే వైపు తిప్పి, టక్కున తుప్పు విడిన శబ్దం వచ్చాక విప్పండి. నట్టుతో పాటు పైపు కూడా మెలితిరుగుతుంటే ఆపేయండి. అక్కడ నట్టు పైపుకి అంటుకుపోయింది. ముందుకెళ్తే పైపు చీరుతుంది. చవక ఫ్లేర్ పానా కొనడం కన్నా కొనకపోవడం నయం. సందు ఉన్న రింగు కాబట్టి ఉక్కు మెత్తనైతే ఫిక్స్ పానా కన్నా తొందరగా విచ్చుకుంటుంది.

స్క్రూ డ్రైవర్లు, ప్లేయర్లు

ప్లస్ స్క్రూ డ్రైవర్లన్నీ ఒకటి కాదు. కారులో ఎక్కువ స్క్రూలకి 2 నంబర్ మొన సరిపోతుంది. బ్రేక్ డిస్కుని హబ్‌కి పట్టి ఉంచే స్క్రూలు హోండా, హ్యుందాయ్ కార్లలో 3 నంబర్. వాటి మీద 2 నంబర్ పెట్టి తిప్పితే గుంట అరిగిపోవడం ఖాయం. సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్‌కి 3 నంబర్ బిట్ పెట్టి రెండు దెబ్బలు వేస్తే వస్తాయి. జపాన్ స్క్రూల గుంట మామూలు ప్లస్ (ఫిలిప్స్) కన్నా కొంచెం వేరు. వెసెల్ లాంటి జపాన్ కంపెనీల జేఐఎస్ (జపాన్ ప్రమాణం) మొన వాటిలో జారకుండా కూర్చుంటుంది. పాత జపాన్ కార్లు, బైకుల మీద పని చేసేవాళ్లకి డబ్బు వృథా కాదు.

హ్యాండిల్ కింద కడ్డీ మీద ఆరు పలకల భాగం ఉన్న డ్రైవర్ చూసుకోండి. మొండి స్క్రూకి ఒక చేత్తో గట్టిగా నొక్కి, రెండో చేత్తో ఆ పలకల మీద పానా వేసి తిప్పొచ్చు. ఇంకో సంగతి: పాత డ్రైవర్ డబ్బా తెరవగానే పుల్లటి కంపు కొడితే కంగారుపడొద్దు. కొన్ని హ్యాండిళ్ల ప్లాస్టిక్ ఏళ్ల మీద విడిపోతూ ఆ వాసన వదులుతుంది. సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే కొన్నాళ్లు ఊరుకుంటుంది.

కటింగ్ ప్లేయర్ మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. కత్తి అంచుల మధ్య గీతలా వెలుతురు కనిపిస్తే అది రాగి తీగని కోయదు, నలుపుతుంది. పల్చటి కాగితం పెట్టి నొక్కితే తెగాలి. ఈ విషయంలో మన దేశీ ప్లేయర్లు చాలా బాగుంటాయి. ఇంటికి, కారుకి కలిపి 8 ఇంచిలది ఒకటి చాలు. నోటి వెడల్పు మార్చుకునే వాటర్ పంప్ ప్లేయర్‌కి మాత్రం డబ్బు ఉంటే జర్మనీ నిపెక్స్ చూడొచ్చు. పళ్లు జారవు, ఒక చేత్తో సర్దుకోవచ్చు. ధర దేశీ దానికి ఎన్నో రెట్లు, రోజూ వాడే షెడ్డుకే గిట్టుబాటు. ఏ ప్లేయర్‌తోనూ నట్టు పట్టొద్దు.

టార్క్ రెంచ్

ఎంత బిగించామో అంకెల్లో చెప్పే పనిముట్టు ఇది. స్పార్క్ ప్లగ్ సొంతంగా మార్చుకునేవాళ్లు కొనాల్సిందే. వాషరున్న 14 మి.మీ. మర ప్లగ్గుకి అల్యూమినియం హెడ్‌లో 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, 12 మి.మీ. మరకి 15 నుంచి 20. ఎక్కువైతే హెడ్ మర పోతుంది, తక్కువైతే ప్లగ్ వేడి వదలలేక కాలిపోతుంది. 3/8లో 5 నుంచి 60 వరకు చూపించేది ఇంజిన్‌కి, 1/2లో 40 నుంచి 200 వరకు చూపించేది చక్రాలకి. ఒక్కటే కొనాలంటే ఏ పని ఎక్కువ చేస్తారో చూసుకోండి. రెండు పనులకీ పనికొచ్చేది లేదు, ఎందుకంటే కింది చివర ఏ రెంచ్ అయినా సరిగ్గా చెప్పదు.

టిక్‌మని శబ్దం వచ్చాక ఇంకోసారి లాగొద్దు. విప్పడానికి వాడొద్దు. పని కాగానే స్కేలుని కనిష్ఠ అంకెకి తిప్పి పెట్టండి, లేకపోతే స్ప్రింగు నొక్కుకునే ఉండి లెక్క తప్పుతుంది. ఆ కనిష్ఠ అంకె కిందికి మాత్రం తిప్పొద్దు. మరకి నూనె రాసి బిగిస్తే అదే అంకె దగ్గర బోల్టు ఎక్కువ సాగుతుంది. మాన్యువల్‌లో అంకెలు మామూలుగా పొడి మరకి ఇచ్చినవి.

ఎక్కడ కొనాలి

హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ రాణిగంజ్ మేలు. పక్కపక్క షాపుల్లో రెండు మూడు కంపెనీలు చేతిలో పట్టుకుని బోల్టు పెట్టి చూడొచ్చు, విడి పీసులు ఇస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్లకి సరుకు ఇచ్చే షాపుల్లో మెకానిక్‌లు ఏది మళ్లీ మళ్లీ కొంటున్నారో అడిగితే తెలిసిపోతుంది. ఆన్‌లైన్‌లో నకిలీ బెడద ఉంది. పేరు అచ్చు కాకుండా ఉక్కులోకే దిగి ఉందా, అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, సైజు అంకె రెండు చివర్లా ఉందా చూడండి. ఫిక్స్ పానాలకి ఐఎస్ 2028, రింగులకి ఐఎస్ 2029 మన దేశ ప్రమాణాలు.

పాత సామాను మీద సరదా ఉంటే హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో గెడోర్, ఝలానీ అని చెక్కిన పాత పానాలు తగులుతుంటాయి. వెర్నియర్ అక్కడే ఎక్కువ అవసరం. తుప్పు చూసి భయపడొద్దు, అది పైదే. నోరు తెరుచుకుందా, గ్రైండింగ్ పెట్టారా చూడండి. గ్రైండింగ్‌లో నీలం రంగు తేలిన చోట ఉక్కు పదును పోయినట్టే.

అమెరికా నుంచి వచ్చేవాళ్లతో హార్బర్ ఫ్రైట్ అనే అక్కడి పనిముట్ల దుకాణాల సెట్టు తెప్పించుకునే అలవాటు పెరిగింది. ధరకి మంచివే. అయితే మెట్రిక్ అని గట్టిగా చెప్పండి. అక్కడి చాలా సెట్లలో ఇంచుల లెక్క ముక్కలు ఉంటాయి, అవి మన కార్లకి చాలావరకు సరిపోవు. చెక్-ఇన్ బ్యాగులోనే పెట్టమనండి. జీవితకాలపు వారంటీ అంటే అక్కడి కౌంటర్‌కి వెళ్లి మార్చుకోవడం, ఇక్కడ లెక్కలోకి రాదు.

విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు ఉప్పుగాలిలో క్రోమ్ పూత పొరలుగా లేస్తుంది. లేచిన పొర బ్లేడులా చెయ్యి కోస్తుంది, ఆ పానాకి ఆకురాయితో అంచులు రాసి వాడండి లేదా మార్చేయండి. పని అయ్యాక నూనె గుడ్డతో తుడిచి పెట్టండి. పెట్టెలో స్పాంజి ఉంటే తీసేయండి, అది తేమ పట్టుకుని కింది వైపు తుప్పు పట్టిస్తుంది.